కారు మీటర్ బోర్డు లైట్లు మిణుకు మిణుకుమంటున్నాయా? కొత్త బ్యాటరీ కొనే ముందు ఇవి చెక్ చేసుకోండి!

రాత్రి తొమ్మిదిన్నర. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబర్ జాతీయ రహదారి. కారులో కుటుంబమంతా ఉంది. ఏసీ నడుస్తోంది, పాటలు మోగుతున్నాయి. సూర్యాపేట దాటాక మీటర్ బోర్డులో లైట్లు ఒక్కసారి తగ్గి మళ్లీ వెలిగాయి. కాసేపటికి మళ్లీ అదే. ఇలాంటప్పుడు చాలామంది "ఏదో లూజ్ కాంటాక్ట్ అయ్యుంటుందిలే, ఊరెళ్లాక చూపిద్దాం" అనుకుంటారు.

చాలాసార్లు అది నిజంగానే లూజ్ కాంటాక్ట్. ఒక స్పానర్‌తో, పావుగంటలో అయిపోయే పని. కానీ కొన్నిసార్లు అదే మిణుకు పెద్ద ఇబ్బందికి మొదటి సంకేతం. కాసేపట్లో హెడ్‌లైట్లు డిమ్ అయిపోతాయి, స్టీరింగ్ బరువెక్కుతుంది, చీకట్లో నడిరోడ్డు మీద బండి ఆగిపోతుంది. ఈ రెండింటికీ తేడా ఎలా తెలుసుకోవాలి? మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు మనమే ఏమేం చూసుకోవచ్చు? వరుసగా చూద్దాం.

ముందు ఇది తేల్చుకోండి.. మిణుకుమంటున్నది ఏ లైటు?

'డ్యాష్‌బోర్డ్ లైటు' అనే మాటలో రెండు రకాలున్నాయి. ఒకటి, మీటర్ బోర్డు కనపడటానికి వెనకాల వెలిగే లైటు. రెండోది, ఏదైనా తేడా వస్తే వెలిగే వార్నింగ్ లైటు. ఈ రెండూ ఒకటి కాదు. ఇక్కడ పొరపాటు పడితే ఇంజినే పోవచ్చు.

ఎర్ర రంగులో నూనె డబ్బా బొమ్మ మిణుకుమంటే.. దాన్ని లూజ్ కాంటాక్ట్ అనుకోవద్దు. ఇంజిన్‌లో ఆయిల్ ప్రెజర్ తగ్గుతోందని అర్థం. ముఖ్యంగా సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు వెలిగి, రేస్ చేస్తే ఆరిపోతుంటే అసలు నిర్లక్ష్యం చేయొద్దు. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్‌తో ఆయిల్ చూడండి. ఆయిల్ సరిపడా ఉన్నా లైటు వెలుగుతుంటే బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలిపించుకోవాలి.

పసుపు రంగు 'చెక్ ఇంజిన్' లైటు కొట్టుకుంటుంటే.. అంటే ఆగి ఆగి వెలుగుతుంటే, సాధారణంగా ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండటం లేదని లెక్క. మండని పెట్రోల్ సైలెన్సర్ లైన్‌లో ఉండే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. అది ఖరీదైన పార్టు. స్పీడ్ తగ్గించి, వీలైనంత త్వరగా బండి చూపించాలి.

ఎర్ర బ్యాటరీ బొమ్మ మిణుకుమంటే.. ఛార్జింగ్ సరిగా జరగడం లేదని అర్థం. ఇవేవీ కాకుండా మీటర్ బోర్డు వెలుతురే ఎక్కువ తక్కువ అవుతుంటే కరెంటు సరఫరాలోనో, వైరింగ్‌లోనో తేడా ఉంది. మనం ఇక్కడ మాట్లాడుకునేది ప్రధానంగా ఈ రెండింటి గురించే.

ఇవి సమస్యలు కావు, కంగారు పడొద్దు

తాళం తిప్పగానే లేదా బటన్ నొక్కగానే అన్ని వార్నింగ్ లైట్లూ కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోతాయి. అది బండి తనను తాను చెక్ చేసుకోవడం. సెల్ఫ్ కొట్టేటప్పుడు లైట్లు కాస్త తగ్గడం కూడా మామూలే. ఆ క్షణంలో స్టార్టర్ మోటార్ బ్యాటరీ నుంచి భారీగా కరెంటు లాగుతుంది.

ఇంకొకటి ఉంది. మీటర్ బోర్డును ఫోన్‌లో వీడియో తీస్తే లైట్లు టకటకా కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి. కంటితో చూస్తే మాత్రం మామూలుగానే ఉంటాయి. ఇది కారు లోపం కాదు. ఇప్పటి ఎల్‌ఈడీ మీటర్లలో వెలుతురు తగ్గించడానికి లైటును సెకనుకు కొన్ని వందల సార్లు ఆపి వెలిగిస్తారు. కన్ను దాన్ని పట్టుకోలేదు, కెమెరా పట్టుకుంటుంది. కాబట్టి వీడియో చూసి భయపడొద్దు, కంటికి కనిపిస్తేనే ముందుకెళ్లండి.

అసలు ఎందుకు మిణుకుమంటాయి?

ఇంటి మీద వాటర్ ట్యాంకు, కింద మోటారు ఉన్నాయనుకోండి. కారులో ట్యాంకు లాంటిది బ్యాటరీ. మోటారు లాంటిది ఆల్టర్నేటర్. మన మెకానిక్‌లు చాలామంది దీన్నే డైనమో అంటారు. బండి స్టార్ట్ చేయడానికి బ్యాటరీ కావాలి. ఒకసారి స్టార్ట్ అయ్యాక లైట్లు, బ్లోయర్, మ్యూజిక్ సిస్టమ్ అన్నింటికీ కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటరే. బ్యాటరీని నింపేదీ అదే.

లైట్లు మిణుకుమంటున్నాయంటే వాటికి అందే వోల్టేజ్ నిలకడగా లేదన్నమాట. దానికి మూడు చోట్ల కారణం ఉండొచ్చు. ట్యాంకులో నీళ్లు లేకపోవడం, అంటే బ్యాటరీ వీక్ అవడం. మోటారు సరిగా పనిచేయకపోవడం, అంటే ఆల్టర్నేటర్ లోపం. లేదంటే పైపు జాయింట్ వదులవడం, అంటే టెర్మినల్, ఎర్త్ వైరు, స్విచ్‌లలో కాంటాక్ట్ పోవడం. ముందుగా చూడాల్సింది ఈ మూడోదే. అందరికంటే ముందు డబ్బులు పెట్టేది మాత్రం మొదటిదానికి! లైట్లు తగ్గాయనగానే కొత్త బ్యాటరీ వేయించడం, పది రోజులకు మళ్లీ అదే సమస్యతో షెడ్డుకు పోవడం.. చాలామందికి జరిగేది ఇదే.

మిణుకు తీరే ఆచూకీ చెబుతుంది

బండిని సురక్షితమైన చోట ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, హెడ్‌లైట్లు గోడ మీద పడేలా పెట్టి ఐదు నిమిషాలు గమనించండి.

హెడ్‌లైట్లు, లోపలి లైట్లు, మీటర్ బోర్డు అన్నీ కలిసి తగ్గుతూ పెరుగుతుంటే బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఎర్త్, ఆల్టర్నేటర్.. ఈ మూడింట్లో ఒకటి. ఇంజిన్ రేస్ చేసినప్పుడు లైట్లు ప్రకాశవంతంగా, వదిలేస్తే డల్‌గా అవుతుంటే ఛార్జింగ్ మీద అనుమానపడాలి.

ఇండికేటర్ వేస్తే దాని టిక్‌టిక్‌తో పాటే మీటర్ లైట్లు కూడా కొట్టుకుంటుంటే ఎర్త్ సరిగా లేకపోయే అవకాశం ఎక్కువ. గుంతల్లో పడినప్పుడే మిణుకుమంటే ఎక్కడో వైరు లేదా టెర్మినల్ వదులైంది. మిగతావన్నీ బాగుండి మీటర్ బోర్డు ఒక్కటే ఆడుతుంటే, సమస్య దాని కనెక్టర్‌లోనో, డిమ్మర్‌లోనో, మీటర్ లోపలి సర్క్యూట్‌లోనో ఉంటుంది. ఈ ఒక్క పరిశీలన మెకానిక్‌కు చెబితే చాలు, వెతుకులాట సగం తగ్గుతుంది.

చెక్ 1: బ్యాటరీ టెర్మినల్స్

ఇంజిన్ ఆపి, తాళం తీసేసి బానెట్ ఎత్తండి. బ్యాటరీ మీది రెండు క్లాంపులను చేత్తో తిప్పి చూడండి. కాస్తయినా కదిలితే దొంగ దొరికినట్టే. తెల్లటి పొడి, పచ్చటి చిలుము కనిపించినా అంతే. చిలుము కరెంటును అడ్డుకుంటుంది. పైకి బిగుతుగానే ఉన్నా లోపల కాంటాక్ట్ ఉండదు.

శుభ్రం చేయడానికి ఒక వరుస ఉంది. ముందు నెగటివ్, అంటే మైనస్ గుర్తున్న నల్ల వైరు విప్పాలి. తర్వాతే పాజిటివ్. బిగించేటప్పుడు దీనికి తిరగేసి.. ముందు పాజిటివ్, చివర నెగటివ్. ఎందుకంటే కారు బాడీ మొత్తం నెగటివ్‌కు కలిపి ఉంటుంది. నెగటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతూ స్పానర్ బాడీకి తగిలితే నేరుగా షార్ట్ అవుతుంది. చేతి ఉంగరాలు, కడియాలు ముందే తీసేయండి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది కాబట్టి దగ్గర్లో సిగరెట్, అగ్గిపుల్ల వద్దు.

గోరువెచ్చటి నీళ్లలో వంట సోడా కలిపి, పాత బ్రష్షుతో చిలుము కడిగేయండి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకుండా చూసుకోండి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు ఉంటే మంచిది, ఆ పొడిలో యాసిడ్ ఉంటుంది. తడి తుడిచి, బిగించి, ఆ తర్వాత పైన కొద్దిగా వాసెలిన్ రాయండి. బ్యాటరీ విప్పితే గడియారం, స్టీరియో సెట్టింగులు పోవచ్చు. కొన్ని స్టీరియోలకు కోడ్ అడుగుతుంది, అది ముందే చూసి పెట్టుకోండి.

చెక్ 2: ఎర్త్ వైరు

బ్యాటరీ నెగటివ్ నుంచి కారు బాడీకి ఒకటి, ఇంజిన్‌కు ఒకటి లావు వైర్లు వెళ్తాయి. వాటి చివర బోల్టు దగ్గర తుప్పు పడితే బయటికి ఏమీ తెలియదు, లైట్లు మాత్రం ఆడతాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్ర తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి ఈ తుప్పు త్వరగా వస్తుంది. బ్యాటరీ వైరు విప్పిన సమయంలోనే ఆ బోల్టులు కూడా విప్పి, గరుకు కాగితంతో లోహం మెరిసే దాకా రుద్ది మళ్లీ గట్టిగా బిగిస్తే సరిపోతుంది. వైరు తీగలు తెగిపోయి ఉంటే అదే మందం వైరు కొత్తది వేయించాలి.

చెక్ 3: మల్టీమీటర్ పెట్టండి

ఎలక్ట్రికల్ షాపుల్లో కొన్ని వందల రూపాయలకే మామూలు మల్టీమీటర్ దొరుకుతుంది. దాన్ని డీసీ వోల్టేజ్‌లో 20 దగ్గర పెట్టండి. ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు ఆనించండి.

బండి ఆపి కొన్ని గంటలయ్యాక చూస్తే నిండా ఛార్జ్ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం ఛార్జ్ ఉన్నట్టు. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టే. ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించి ఆ క్షణంలో చూడండి. 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ వీక్ అయిందన్న అనుమానం బలపడుతుంది.

ఇప్పుడు ఇంజిన్ ఆన్‌లో పెట్టండి. చాలా కార్లలో 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేసినా 13 పైనే నిలబడాలి. 12.6 దగ్గరే ఉండి క్రమంగా తగ్గుతుంటే ఛార్జింగ్ జరగడం లేదు. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా కొన్ని గంటల్లో అదీ ఖాళీ అవుతుంది. 15 దాటి అక్కడే ఉంటే ఓవర్ ఛార్జింగ్ అవుతున్నట్టు. అప్పుడు బల్బులు ఊరికే పోతాయి, బ్యాటరీ ఉబ్బుతుంది, కుళ్లిన గుడ్డు వాసన కూడా రావచ్చు. ఒక గమనిక.. కొత్త కార్లలో ఇంధనం ఆదా కోసం కంప్యూటరే ఛార్జింగ్‌ను తగ్గించి పెంచుతుంది. వాటిలో ఈ నంబర్లు కాసేపు అటూ ఇటూ ఉంటే లోపం అనుకోవద్దు, సర్వీస్ సెంటర్ స్కానర్‌తో నిర్ధారించుకోవాలి.

ఎర్త్ బాగుందో లేదో కూడా ఇదే మీటర్ చెబుతుంది. ఇంజిన్, హెడ్‌లైట్లు ఆన్‌లో ఉంచి, నల్ల తీగ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర తీగ ఇంజిన్ మీద పెయింట్ లేని లోహం మీద పెట్టండి. సున్నా దగ్గర ఉండాలి. 0.2 వోల్ట్ దాటితే ఎర్త్ శుభ్రం చేయాల్సిందే. కారు బాడీ మీద కూడా ఇలాగే చూడండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు చున్నీ, పొడుగు చేతులు, జుట్టు బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా ఉండాలి. ఫ్యాన్ ఎప్పుడైనా దానంతటదే తిరగొచ్చు.

చెక్ 4: బెల్టు, ఆల్టర్నేటర్

ఆల్టర్నేటర్‌ను తిప్పేది ఇంజిన్ పక్కన ఉండే రబ్బరు బెల్టు. అది వదులైనా, పగుళ్లు వచ్చినా జారుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు, వానలో కీచుమని అరవడం దాని గుర్తు.

బెల్టు బాగుండి ఛార్జింగ్ తేడాగా ఉంటే లోపం ఆల్టర్నేటర్ లోపలే ఉండొచ్చు. కార్బన్ బ్రష్షులు అరిగిపోవడం, వోల్టేజ్ రెగ్యులేటర్ పాడవడం, డయోడ్ పోవడం.. ఇవి తరచూ వచ్చేవి. ఆల్టర్నేటర్ తయారుచేసే కరెంటు దిశ మారుతూ ఉంటుంది, దాన్ని డయోడ్లు సరిచేసి ఒకే దిశలో పంపుతాయి. ఒక డయోడ్ పోతే సరఫరాలో కెరటాల్లా హెచ్చుతగ్గులు వస్తాయి. లైట్లు సన్నగా వణుకుతాయి, స్టీరియోలో ఇంజిన్ వేగంతో పాటు పెరిగే 'గుంయ్' మనే శబ్దం వస్తుంది. దీన్ని చవక మల్టీమీటర్ సరిగా పట్టలేదు, ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరే టెస్ట్ చేయించాలి. బ్రష్షులో రెగ్యులేటరో పోతే చాలా ఆల్టర్నేటర్లలో ఆ పార్టు ఒక్కటే మార్చొచ్చు. మొత్తం కొత్తది వేయాలి అన్నప్పుడు ఈ ప్రశ్న అడగండి.

చెక్ 5: డిమ్మర్, తాళం, ఫ్యూజు

మీటర్ బోర్డు ఒక్కటే ఆడుతుంటే ముందు డిమ్మర్ చూడండి. పాత కార్లలో స్టీరింగ్ పక్కన చిన్న చక్రంలా ఉంటుంది. దాని లోపల దుమ్ము పడితే వెలుతురు ఊగుతుంది. ఈ చివర నుంచి ఆ చివరికి పది పదిహేను సార్లు తిప్పితే ఒక్కోసారి అదే సర్దుకుంటుంది.

తర్వాత తాళం. బండి ఆపి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇగ్నిషన్ ఆన్ చేసి తాళాన్ని మెల్లగా కదపండి. లైట్లు పోయి వస్తుంటే ఇగ్నిషన్ స్విచ్ అరిగినట్టు. దీన్ని వాయిదా వేయొద్దు, నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోయే ప్రమాదం ఉంది. తాళానికి బరువైన కీచైన్, ఇంటి తాళాల గుత్తి తగిలించడం కూడా మానేయండి.

ఫ్యూజు బాక్సులో ఫ్యూజులు గట్టిగా కూర్చున్నాయో లేదో నొక్కి చూడండి. పోయిన చోట అదే ఆంపియర్ ఫ్యూజు వేయాలి. ఎరుపు 10, నీలం 15, పసుపు 20 ఆంపియర్లు. 10 పోతోందని 20 వేయడం, రాగి తీగ చుట్టడం అంటే నిప్పుతో ఆటే. ఫ్యూజు కాలాల్సిన చోట వైరు కాలుతుంది.

చెక్ 6: తర్వాత బిగించినవి

కారు కొన్నాక ఏమేం వేయించారో గుర్తు చేసుకోండి. ఎక్కువ వాట్ల హెడ్‌లైట్ బల్బులు, ఫాగ్ ల్యాంపులు, పెద్ద హారన్, ఆండ్రాయిడ్ స్టీరియో, డ్యాష్ క్యామ్, అలారం.. వీటికి చాలాచోట్ల వైరు చెక్కి, మెలితిప్పి, టేపు చుట్టేస్తారు. మన ఎండకు ఆ టేపు జిగురు కారిపోయి వదులవుతుంది. మిణుకు ఎప్పుడు మొదలైంది? అంతకు ముందు ఏం బిగించారు? ఆ వస్తువు ఫ్యూజు తీసేసి రెండు రోజులు తిరిగి చూడండి. మిణుకు ఆగితే కారణం దొరికినట్టే.

మన దగ్గర అదనంగా చూడాల్సినవి

వేడి బ్యాటరీకి బద్ధశత్రువు. రామగుండం, కొత్తగూడెం లాంటి చోట్ల ఎండలో రోజంతా నిలబడే కారులో బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది. అక్కడ మూడేళ్లు దాటిన బ్యాటరీని వేసవికి ముందు ఒకసారి లోడ్ టెస్ట్ చేయించడం మేలు. వానాకాలంలో వెచ్చదనం కోసం ఎలుకలు బానెట్ కిందికి చేరి వైర్లు కొరుకుతాయి. టార్చి వేసి వైర్ల తొడుగులు చూడండి.

వరదలో మునిగిన కారు అయితే కథ వేరు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. అలాంటి బండి ఆరబెట్టాక బాగానే నడుస్తుంది. కనెక్టర్ల లోపల చిలుము మాత్రం నెలల తర్వాత బయటపడుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు మీటర్ లైట్లు ఆడుతుంటే కార్పెట్ ఎత్తి బురద, సీటు పట్టాల కింద తుప్పు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

దారిలో ఉండగా మొదలైతే?

ఏసీ, మ్యూజిక్ సిస్టమ్, ఫోన్ ఛార్జర్లు ఆపేయండి. రాత్రి అయితే హెడ్‌లైట్లు మాత్రం ఆపొద్దు. ఎర్ర బ్యాటరీ లైటు కూడా వెలిగితే బండి ఇక బ్యాటరీలో మిగిలిన దాని మీదే నడుస్తోంది. మధ్యలో టీ కోసం ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. వెలుతురు, మనుషులు ఉండే పెట్రోల్ బంకు లేదా ధాబా దాకా వెళ్లి ఆగండి.

టెంపరేచర్ పెరుగుతుంటే మాత్రం ఆగకుండా పోవద్దు. బెల్టు తెగి ఉండొచ్చు. చాలా ఇంజిన్లలో అదే బెల్టు వాటర్ పంపును కూడా తిప్పుతుంది. స్టీరింగ్ బరువెక్కినా, హెడ్‌లైట్లు డిమ్ అవుతున్నా పక్కకు తీసి, హజార్డ్ లైట్లు వేసి, వెనకాల దూరంగా ఎర్ర త్రికోణం పెట్టండి. పిల్లలు, పెద్దవాళ్లు కారులో కాకుండా రోడ్డుకు దూరంగా నిలబడాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033 హెల్ప్‌లైన్ ఉంది.

ఈ పని చేయనివ్వొద్దు

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "బండి ఆగలేదు, డైనమో బాగానే ఉంది" అని చెప్పే పాత పద్ధతి ఇంకా కొన్ని షెడ్డుల్లో ఉంది. ఒప్పుకోవద్దు. ఆ క్షణంలో వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిసి కారు కంప్యూటర్, స్టీరియో కాలిపోవచ్చు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే కార్లకు ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీలు ఉంటాయి. వాటి చోట మామూలు బ్యాటరీ వేయించొద్దు. ఎలక్ట్రిక్ కారులో కూడా లైట్ల కోసం 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, కానీ నారింజ రంగు తొడుగున్న కేబుళ్ల జోలికి అస్సలు వెళ్లొద్దు. వారంటీలో ఉన్న కారులో వైర్లు కోయకుండా నేరుగా సర్వీస్ సెంటర్‌కే చూపించండి.

షెడ్డుకు వెళ్తే ఈ మూడు అడగండి

"బ్యాటరీ పోయింది" అంటే లోడ్ టెస్ట్ చేసి చూపించమనండి. "డైనమో పోయింది" అంటే లైట్లు వేసినప్పుడు, వేయనప్పుడు ఛార్జింగ్ వోల్టేజ్ ఎంతుందో మీటర్ మీద చూపించమనండి. ఏది మార్చమన్నా సరే, ముందు టెర్మినల్స్, ఎర్త్ శుభ్రం చేసి చూశారా అని అడగండి. పని తెలిసిన మెకానిక్ ఈ మూడింటికీ విసుక్కోడు. మీ కళ్ల ముందే మీటర్ పెట్టి చూపిస్తాడు.

దూర ప్రయాణం పెట్టుకున్నారా? ఆ ముందు రోజు సాయంత్రం బానెట్ ఎత్తి టెర్మినల్ క్లాంపులు రెండూ ఒకసారి కదిపి చూడండి. అర నిమిషం పని. అర్ధరాత్రి హైవే మీద పిల్లలతో నిలబడే అవస్థ తప్పుతుంది.